ముందు జవాబు రాసే ఏట్టమ్మ

పోయిన నెల మా కొట్టుకు ఒక సంతాప పోస్టర్ పని వచ్చింది. ఈ తమిళ సీమలో, మా రాజపాళయంలో మనిషి పోతే పాడె లేచేలోపల గోడల మీద పోస్టర్ లేవాలి. లేకపోతే పోయిన మనిషికి మర్యాద చేయలేదని చుట్టాలు మూతి ముడుచుకుంటారు. అచ్చు వేసేది వేరే ప్రెస్సు. ఫొటో సర్ది, మాటలు పేర్చి పంపడం నా పని. నాది పాతకాలపు టైపింగ్ సెంటర్. ఇప్పుడు కంప్యూటర్, జెరాక్స్, లామినేషన్ అన్నీ పెట్టుకున్నా వీధిలో అందరికీ నేను ఇంకా టైపింగ్ అక్కనే.

వచ్చిన మనిషికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "అమ్మ పోయేసింది అక్కా, తెల్లవారి," అన్నాడు. ఖాకీ బట్టల్లో ఉన్న ఆ ముఖం చూడగానే నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. మా వీధి చివరి పోలీస్ స్టేషన్‌లో చాలాకాలం రైటర్‌గా ఉన్న ఏట్టమ్మ. హెడ్ కానిస్టేబుల్‌ను ఇక్కడ ఏట్టు అంటారు. మగవాడైతే ఏట్టయ్య, ఆడదైతే ఏట్టమ్మ. రైటర్ అంటే స్టేషన్ కాగితాల పనంతా చూసే మనిషి.

"కింద ఏమి వెయ్యాల?" అని అడిగాను.

"అదే, అందరికీ వేస్తారే అక్కా. నిజాయితీకి శిఖరం, కాక్కి చొక్కాలో సింహం, ఆ మాదిరి."

"మీ అమ్మ చూస్తే ఏమంటుంది?"

అతనికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. "'రాసేసినావు గదా, ఇంక పోయి సింహాన్ని పట్టుకొని రా' అంటుంది."

ఇద్దరం నవ్వాం. చివరికి పేరు, ఉద్యోగం, ఊరేగింపు బయలుదేరే వేళ మాత్రం వేశాం. ఇక్కడ ఆ పేరు కూడా వెయ్యను. ఏట్టమ్మ అంటే మా వీధికి ఆమె ఒక్కతే.

సత్రపట్టి వైపు సేద్యం చేసుకునే తెలుగు ఇంట పుట్టింది. స్టేషన్‌లో రోజంతా తమిళం మాట్లాడి, నా కొట్టు మెట్టు ఎక్కగానే చెప్పులు విడిచినంత సులువుగా తెలుగులోకి వచ్చేసేది. చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ వైరు బుట్ట. అందులో ఒకపక్క స్టేషన్ కాగితాలు, ఇంకోపక్క వంకాయలో కరివేపాకో, సాయంత్రం బస్సెక్కే ముందు తలలో పెట్టుకోవడానికి ఆకులో చుట్టిన కనకాంబరాలు. కూర్చోమంటే కూర్చునేది కాదు. నా వెనక నిలబడి, పెన్ను మూతతో కంప్యూటర్ తెర మీద టకటకా కొట్టి, "ఇక్కడ, ఇక్కడ," అని చూపించేది. ఆ పెన్ను నాదే అయి ఉండేది. నా కొట్టులో పెన్నులు ఎట్లా మాయమవుతాయో కనిపెట్టడానికి పోలీసులు అక్కర్లేదు.

ఆమె పని అర్థం కావాలంటే ఇన్‌స్పెక్షన్ సంగతి చెప్పాలి. ఏడాదికోసారి పై అధికారి స్టేషన్‌ను తనిఖీ చేయడానికి వస్తాడు. వస్తున్నాడంటే ఆ స్టేషన్ పెళ్ళివారిల్లు అయిపోతుంది. గోడలకు సున్నం, మెట్ల అంచులకు ఎర్ర రంగు, ఎవరి నర్సరీ నుంచో అరువు తెచ్చిన పూలకుండీలు. అధికారి అంతా చూసి, టీ తాగి వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు నోట్ వస్తుంది. ఇది సరిగా లేదు, అది మార్చండి, దీన్ని ఇట్లా చేయండి అని వరసగా సిఫారసులు. ప్రతిదానికీ ఎదురుగా జవాబు రాసి పంపాలి. జవాబు అంటే ఒకటే మాట, కంప్లైడ్. అయిపోయింది, చేసేశాం అని.

స్టేషన్ ప్రింటర్‌లో ఎప్పుడూ ఇంకు ఉండదు కాబట్టి ఆ జవాబులు నా దగ్గర టైపయ్యేవి. ఆమెకు ముందున్న రైటర్లతో నాకు ఏ శ్రమా లేదు. పోయిన ఏటి జవాబు తెరిచి తేదీ మార్చేదాన్ని. కంప్లైడ్, కంప్లైడ్ అని పైనుంచి కింది దాకా ఉండేది. చెప్పిన మాట అంత చక్కగా వినే స్టేషన్ లోకంలో ఇంకొకటి ఉండదు, కాగితం మీద.

ఏట్టమ్మ కూడా కంప్లైడ్ అనే వేయించేది. తేడా ఆ తరువాతే. సంతకమైన కాగితం తపాలాకు పోగానే ఆమెకు కాళ్ళు నిలిచేవి కావు. మంటలార్పే ఎర్ర బకెట్లలో ఇసుక లేదని ఒకసారి నోట్ వచ్చింది. ఇసుక నింపాం, కంప్లైడ్ అని జవాబు పోయింది. ఆ సాయంత్రమే ఆమె మా ఎదురింట్లో కట్టడం పని జరిగేచోటికి వచ్చి, మేస్త్రీని అడిగి, ఖాకీ ప్యాంటు మడిచి, తట్టతో ఇసుక మోసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. ముందు చేసి తరువాత రాయొచ్చు గదా అని అడిగితే ఆమె సిగ్గుపడకుండా చెప్పింది.

"నేను సోంబేరి పాపా. రాయకపోతే రేపు చేస్తాము, ఎల్లుండి చేస్తాము అని కూర్చుంటాను. రాసి పంపేసినాక ఒళ్ళు వంచాల్సిందే గదా? పేపర్ పోయేసింది. ఇంక దాన్ని పట్టుకొచ్చి దిద్దేదానికి లేదు. స్టేషన్‌నే దిద్దాల."

వీధికుక్కలు వరండాలో పడుకుంటున్నాయని ఇంకో ఏడు నోట్ వచ్చింది. కుక్కలకు పేరుపడిన ఊళ్ళో స్టేషన్ ముందు ఇంత బక్క కుక్కా అని ఆ అధికారి ఎగతాళి కూడా చేశాడట. కంప్లైడ్ అని రాసిన మర్నాడు, ఏట్టమ్మ ఒక గోధుమరంగు కుక్కను బిస్కెట్లతో మచ్చిక చేసి షేర్ ఆటో ఎక్కించబోయింది. డ్రైవర్ గోలపెట్టాడు.

"ఏట్టమ్మా, మనుషులు ఎక్కే వండి ఇది!"

"అది నీకన్నా బుద్ధిగా కూర్చుంటుంది. నడుపు," అని కుక్కను ఒళ్ళో పెట్టుకొని సత్రపట్టికి తీసుకుపోయింది. అది ఆమె ఇంట్లోనే ముసలిదై పోయింది.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది ఆమె దగ్గు. ఫిర్యాదుకు వచ్చేవాళ్ళను 'వా, పో' అనకూడదు, 'వాంగ, పోంగ' అని గౌరవంగా పిలవాలి అని నోట్ వచ్చింది. మన రా, రండి లాగే. దానికీ కంప్లైడ్ పోయింది. అప్పటినుంచి స్టేషన్‌లో ఎవరు నోరుజారినా ఆమె బల్ల దగ్గర్నుంచి ఒక పొడి దగ్గు వినపడేది. మీసాల కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. "ఏయ్ కిళవా, ఇక్కడ..." అని ముసలాయన మీద గొంతు లేపేవాడు. ఖళ్ మని దగ్గు. "...ఇక్కడ వాంగయ్యా, కూర్చోంగ," అని ముగించేవాడు. ఆమె తల ఎత్తేది కూడా కాదు. నిజంగా జలుబు చేసి ఆమె దగ్గిన వారం ఆ స్టేషన్‌లో జరిగిన మర్యాదలు పెళ్ళి పందిట్లో కూడా జరిగి ఉండవు.

అన్నీ ఆమె వల్ల అయ్యాయని చెప్పను. స్టేషన్ ముందు పట్టుబడిన మోటార్ సైకిళ్ళు తుప్పుపట్టి గుట్టగా పడి ఉండేవి. వాటిని తీసేయమని ప్రతి నోట్‌లోనూ వచ్చేది. కోర్టు ఉత్తర్వు లేకుండా ఒక చక్రం కూడా కదపడానికి లేదు. అయినా కంప్లైడ్ అని రాయక తప్పలేదు. పాపం, ఆ గుట్ట పక్కనుంచి పోయేటప్పుడల్లా ఆమె ముఖం అవతలికి తిప్పుకొనేది.

ఆ తరువాత వచ్చిన నోట్‌లో రెండు విషయాలు మా ఇద్దరికీ గట్టిగా తగిలాయి. చివరిది నాకు. స్టేషన్ కాగితాలు బయట కొట్లలో టైపు చేయించకూడదు అని. దానికి కూడా నా చేతనే కంప్లైడ్ కొట్టించి, నా నోటికాడి కూడు నాచేతనే తీయించింది. ఎక్కడో మూలపడ్డ ప్రింటర్ ఒకటి బాగుచేయించుకొని, ఆ రోజునుంచి ఒక్క కాగితం కూడా నా దగ్గరికి తేలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె రావడం మానలేదు. వచ్చి ఊరికే నిలబడి కబుర్లు చెప్పి, ఒక పెన్ను తీసుకొని పోయేది.

మొదటిది వెనకగది గురించి. స్టేషన్ వెనక ఒక సామాను గది ఉంది. ముందు గదుల్లో కెమెరాలు పెట్టారు గానీ అందులో లేదు. ఆ గదిలో విచారణ అంటే ఏమిటో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ ఎవరినీ విచారించకూడదు, తాళం వేసి తాళంచెవి రైటర్ దగ్గర పెట్టాలి అని నోట్‌లో ఉంది. కంప్లైడ్ అని వెయ్యమని ఇన్‌స్పెక్టర్ ఎప్పటిలాగే చెప్పి పంపాడు. ఆ వరస దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగి చూశాను. ఆమె పెన్ను మూత కొరుకుతూ ఉంది.

"ఏమక్కా?"

"ఏమి లేదు. వెయ్యి," అంది. కొట్టాను. ప్రింటు తీసుకొని, మడిచి బుట్టలో పెట్టుకొని, "పాపా, మంచి పూట్టు ఎక్కడ దొరుకుతుంది? పెద్దది," అని అడిగింది. పూట్టు అంటే తాళం. పాత బస్టాండు దగ్గరి ఇనుప సామాన్ల కొట్టు పేరు చెప్పాను. ఆ తాళం ఆ సాయంత్రమే వెనకగదికి పడింది. స్టేషన్‌లో అందరూ దాన్ని అధికారులకు చూపించడానికనే అనుకున్నారట.

అది ఎవరికోసమని అప్పుడు నాకు మాత్రం తెలుసా?

మా మరిది ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్. మిల్లులో రాగి కేబుల్ పోయిందని ఒకరోజు పొద్దున్నే అతన్ని స్టేషన్‌కు పిలిపించారు. మధ్యాహ్నం దాటినా ఇంటికి రాలేదు. మా ఆయన నూలు లోడుతో తిరుప్పూరు పోయి ఉన్నాడు. మా అత్త ముద్ద ముట్టకుండా గుమ్మంలో కూర్చొని, "పోయి చూడవే, వాణ్ణి ఏమి చేస్తారో," అని ఒకటే ఏడుపు. కొట్టు మూసి పరుగెత్తాను. నాకు భయం కేసు గురించి కాదు. ఆ గది గురించి. అందులోకి పోయి వచ్చినవాళ్ళు నడిచే నడక ఈ వీధిలో కూర్చొని ఎన్నిసార్లో చూశాను.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపులోనుంచి ఏట్టమ్మ బల్ల కనిపిస్తోంది. మరిది లోపలెక్కడో గోడవతల ఉన్నాడు. ఏట్టమ్మ నన్ను చూసింది, పలకరించలేదు. కొంతసేపటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చెడ్డవాడు అనను. పొద్దుటినుంచి మిల్లువాళ్ళు, వాళ్ళ తరఫున పెద్దవాళ్ళు అతని ఫోన్ మోగిస్తూనే ఉన్నారు. ఆమె బల్ల మీద చెయ్యి చాచి, వెనకగది తాళంచెవి ఇమ్మన్నాడు. మాటలు తమిళంలోనే జరిగాయి, నాకు ప్రతి మాటా వినపడింది.

"అయ్యా, ఆ గదికి కంప్లైడ్ అని రాసేసినాము," అంది ఏట్టమ్మ.

"సరి, రాసినాము. అందుకేమి?"

"మీ సంతకం పెట్టి పంపినాము అయ్యా."

"అది పేపర్‌కమ్మా. చావి ఇవ్వు."

ఆమె సొరుగు తెరిచింది. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన స్టేషన్ డైరీ తెరిచి పెట్టి, పెన్ను మూత తీసింది.

"తీసుకోండి అయ్యా. ఏ పనికి తెరుస్తున్నామని రాయాలో చెప్పండి. రాసుకుంటాను."

గొంతులో ఎదిరింపు లేదు. కూరగాయలు ఏమి కావాలని అడిగినట్టే అడిగింది. ఇన్‌స్పెక్టర్ ముఖం నల్లబడింది. డైరీలో రాసింది చెరపడానికి కుదరదు. అతను చెప్పలేదు, ఆమె పెన్ను దించలేదు. మీసాల కానిస్టేబుల్ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఆమె జీతం మీద బతికేవాళ్ళు ఎందరో నాకు తెలుసు.

"నీ వేలకు నువ్వే తీ పెట్టుకుంటున్నావమ్మా," అన్నాడు చివరికి. నీ ఉద్యోగానికి నువ్వే నిప్పు పెట్టుకుంటున్నావని. ఆమె "సరి అయ్యా," అంది. అతను తాళంచెవి ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

మరిదిని ముందు గదిలో, కెమెరా కింద, ఫ్యాను కింద కూర్చోబెట్టి అడిగారు. దీపాలు పెట్టే వేళకు అతను ఒప్పుకున్నాడు. కేబుల్ తీసింది తనే, ఇంకొకడితో కలిసి.

నాకు భూమి చీలితే బాగుండును అనిపించింది. ఈ దొంగ కోసమా నేను పరుగెత్తింది, ఈ దొంగ కోసమా ఆమె ఆ మాట పడింది! అతన్ని జైలుకు పంపిన తరువాత ఒకరోజు ఏట్టమ్మ కొట్టుకు వచ్చింది. నేను ముఖం ఎత్తలేకపోయాను.

"వాడు తీయలేదని నమ్మి నువ్వు అంత చేసినావు అక్కా. వాడేమో ఇట్లా చేసినాడు," అన్నాను.

"నేను ఎప్పుడు నమ్మినాను?" అంది ఆమె ఆశ్చర్యంగా. "తీసినాడో లేదో నాకేమి తెలుసు? వాడిది కొంచం తీసే మూతే, తీసినా తీసుంటాడు అనుకున్నాను కూడా."

"మరి ఏం చూసి ఆపినావు?"

"ఆ గది లేదని రాసినాము పాపా. లేని గదిలోకి మనిషిని ఎట్లా తీసుకుపోయేది? దొంగయితే కోర్టు ఉంది, జైలు ఉంది. అవి ఉన్నాయి." అని, నా బల్ల మీదనుంచి ఒక పెన్ను తీసుకొని బుట్టలో వేసుకుంది.

ఎక్కువ రోజులు కాలేదు, ఆమెకు బదిలీ వచ్చింది. కొండ అంచున అడవి చెక్‌పోస్టుకు. పొద్దున్నే రెండు బస్సులు మారి పోవాలి. నేను బాధపడితే, "అక్కడ గాలి బాగుంటుంది, కుక్కను తీసుకుపోతాను," అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు పెన్ను తీసుకోవడం మరిచిపోయింది. ఆమెకు ఆ పని అంటే ప్రాణం. అది పోయింది. పదవీ విరమణ కూడా ఆ చెక్‌పోస్టులోనే జరిగింది.

తరువాత వచ్చిన రైటర్ ధైర్యవంతుడేమీ కాదు. ఆమె అప్పగించిన వస్తువుల్లో తాళంచెవి ఉంది, ఎందుకు తెరుస్తున్నారో డైరీలో రాసుకొనే దాన్ని ఇవ్వాలి అన్న మాట కూడా ఉంది. అట్లా అప్పగించారు కాబట్టి అతనూ అట్లాగే రాస్తానన్నాడట. తాళంచెవి ఎవరూ అడగలేదు. తరువాతి రైటర్ కూడా అంతే. ఇప్పుడు ఆ గదిలో పాత బల్లలు, విరిగిన కుర్చీలు ఉన్నాయని వింటాను. నోట్‌లో రాసింది అయిపోయింది. ఎవరు చేశారని ఎక్కడా లేదు.

మా మరిది శిక్ష అనుభవించి వచ్చి, తళవాయిపురం రోడ్డులో మోటార్లకు తీగ చుట్టే కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ ఎత్తరు, అతనూ ఎత్తలేదు. ఏట్టమ్మ పోయిందని నేను ఫోన్ చేసి చెబితే, కొట్టు మూసి కాటిదాకా నడిచాడు. అక్కడినుంచి మా ఇంటికి వచ్చి, తలకు పోసుకొని, అన్నానికి కూర్చున్నాడు. వడ్డిస్తుంటే తల వంచుకొనే చెప్పాడు.

"ఆ దినము నీకు కనపడలేదు వదినా. నేను గోడవతల ఉన్నాను. మొదలు నన్ను చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టమన్నారు. చొక్కా తియ్యమన్నారు. ఎందుకో నాకు తెలుసు. తీసి మడిచి పెట్టినాను. ఏమి చేసినా నోరు తెరవకూడదని పళ్ళు బిగించుకొని నిలబడినాను."

నేను గరిటె గిన్నెలో పెట్టేసి అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఇన్‌స్పెక్టర్ పోయినాక ఆమె లేచి వచ్చింది. చొక్కా తీసి ఇచ్చి తొడుక్కో అనింది. గడియారం ఇచ్చింది. ఎంత చేసినా దాని పట్టీ నాకు పడలేదు. ఆమే పెట్టింది. 'కూర్చోంగ తమ్ముడా' అనింది. నన్ను, కూర్చోంగ అని!"

కాసేపు అన్నం కెలికాడు.

"దెబ్బలకైతే నేను తయారుగా ఉన్నాను వదినా. దీనికి తయారుగా లేను. చెప్పేసినాను."